సరుకు నిలవని గోదాము: క్రాస్‌డాకింగ్ నిర్వహణలో కంప్యూటర్ అనుకరణ

ఒక వాహనం నుంచి దిగిన సరుకును నిల్వ పెట్టకుండా, దిగిన చోటే గమ్యాల వారీగా విడదీసి, కొన్ని గంటల్లోనే మరో వాహనానికి ఎక్కించి పంపే పద్ధతిని క్రాస్‌డాకింగ్ అంటారు. మామూలు గోదాములో సరుకు దించుకోవడం, అరల్లో సర్దడం, అడిగినప్పుడు వెతికి తీయడం, లోడు చేసి పంపడం అనే నాలుగు పనులుంటాయి. వీటిలో స్థలం, మనుషులు, పెట్టుబడి ఎక్కువగా మింగేవి నడిమి రెండు పనులు కాబట్టి, క్రాస్‌డాకింగ్ ఆ రెండింటినీ తీసేసి, సరుకు 24 గంటలకు మించి కప్పు కింద ఉండకూడదన్న నియమంతో నడుస్తుంది. అయితే నిల్వతో పాటు ఒక రక్షణ కూడా పోతుంది. రావలసిన లారీ రెండు గంటలు ఆలస్యమైనా మామూలు గోదాము తన దగ్గరున్న సరుకుతో పని గడుపుకుంటుంది గాని, నిల్వ లేని చోట ఆ రెండు గంటలూ నేరుగా పోవలసిన లారీ మీద పడతాయి. అందుకే ఇలాంటి కేంద్రాలకు ఎన్ని ద్వారాలు పెట్టాలి, ఏ లారీని ఏ ద్వారానికి పంపాలి, ఏ వేళకు ఎంతమంది కూలీలుండాలి అన్న ప్రశ్నలను సగటు లెక్కలతో తేల్చడం కుదరదు. కేంద్రం నడిచే తీరును గడియారంతో సహా కంప్యూటర్‌లో మళ్లీ నిర్మించి, ఆ నమూనాను వందల రోజులపాటు నడిపి చూసే సిమ్యులేషన్, అంటే అనుకరణ, ఇక్కడ ప్రధాన సాధనమైంది.

ఏనుమాముల యార్డు

పేరు కొత్తదైనా ఈ పని తెలంగాణకు పాతదే. వరంగల్‌ను ఆనుకుని ఉన్న ఏనుమాముల వ్యవసాయ మార్కెట్, ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరుపడ్డ యార్డు, మిర్చి కాలంలో చేసేది అచ్చంగా క్రాస్‌డాకింగే. ములుగు, భూపాలపల్లి, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి రైతులు ట్రాక్టర్లలో, ఆటో ట్రాలీల్లో, నలుగురైదుగురు కలిసి మాట్లాడుకున్న డీసీఎం వ్యాన్లలో రాత్రికి రాత్రే బయలుదేరి తెల్లవారకముందే గేటు చేరతారు. గేటు దగ్గర నమోదై లాట్ నంబరు పడ్డాక బస్తాలు అడ్తిదారు షెడ్డు ముందు దిగుతాయి. ఖరీదుదారులు బస్తా మూతి విప్పించి గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, రంగు చూసి, విరిచి, తేమ పసిగట్టి ధర చెబుతారు. ధర కుదిరాక కాంటా పెడతారు, దడువాయి తూకం రాస్తాడు, అడ్తిదారు రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకపు లెక్క చిట్టీ, ఇస్తాడు. ఆ తరువాత హమాలీలు కొక్కెం వేసి, 40 కిలోలకు అటూఇటూగా ఉండే బస్తాను వీపు మీదికి తీసుకుని, ఘాటుకు ముక్కుకు అడ్డంగా కండువా బిగించి, లారీకి ఆనించిన చెక్క మీదుగా ఎక్కిస్తారు. ఆ లారీ శివారులోని శీతల గిడ్డంగికో, గుంటూరుకో, చెన్నై, ముంబై వంటి నగరాలకో బయలుదేరుతుంది. శీతల గిడ్డంగిలో నెలలు గడిపి బయటికొచ్చిన సరుకుకు వ్యాపారుల వాడుకలో ఏసీ మిర్చి అన్న వేరే పేరు, వేరే ధర ఉండడాన్ని బట్టే నిల్వ అనేది యార్డులో జరిగే పని కాదనీ, యార్డు కేవలం దాటించే చోటనీ తెలుస్తుంది.

శాస్త్ర పరిభాషలో క్రాస్‌డాకింగ్ రెండు రకాలు. సరుకు బయలుదేరేటప్పుడే ప్రతి పెట్టె మీదా చివరి గమ్యం రాసి ఉంటే అది ముందస్తు పంపిణీ రకం. సరుకు కేంద్రానికి వచ్చాకే ఏది ఎక్కడికన్నది తేలితే అది అనంతర పంపిణీ రకం. తెలంగాణ ఆర్టీసీ 2020 జూన్‌లో మొదలుపెట్టిన కార్గో, పార్సిల్ సేవ మొదటి రకానికి చక్కని ఉదాహరణ: ఒక బస్సులో వచ్చిన మూటను దాని మీది ఊరి పేరు చూసి మరో బస్సుకు మార్చడమే పెద్ద బస్‌స్టేషన్లలో జరిగే పని. ఏనుమాముల రెండో రకం. రైతు బస్తా దించే వేళకు దాన్ని కొనేదెవరో, అది ఏ లారీ ఎక్కుతుందో ఎవరికీ తెలియదు. వేలం పాట ముగిశాక ఒక్కసారిగా వందల లాట్ల గమ్యాలు తేలిపోయి, కాంటాలూ హమాలీలూ లారీలూ అన్నింటికీ ఒకే గంటలో పని పడుతుంది. సరుకు ముందు వచ్చి దాని సమాచారం వెనక రావడం ఈ యార్డు అసలు లక్షణం, దాని రద్దీకి అసలు మూలం. 2016 ఏప్రిల్ 14న దేశంలో మొదలైన ఈ-నామ్ వేదిక వేలాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చి, లాట్ల వివరాలకు ఒక లిఖిత రూపం ఇవ్వడం ఈ దృష్టితో చూస్తే చిన్న విషయం కాదు.

పూర్వరంగం

సరుకును నిల్వ లేకుండా మార్చడం అమెరికా లారీ రవాణాలో 1930ల నుంచి ఉందనీ, 1950ల్లో ఆ దేశపు సైన్యం దాన్ని వాడిందనీ చెబుతారు. 1980ల్లో వాల్‌మార్ట్ దుకాణాల గొలుసు దాన్ని తన సరఫరాకు వెన్నెముకగా చేసుకున్నాక లోకానికంతా తెలిసింది. భారతదేశంలో దీని పాత రూపం రైల్వేల్లో కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన బ్రాడ్‌గేజ్ మార్గం 1886లో వరంగల్‌నూ, 1889లో బెజవాడనూ చేరగా, సికింద్రాబాదు నుంచి మన్మాడ్ వైపు వేసిన గోదావరి లోయ మార్గం మీటర్‌గేజ్ కావడం వల్ల ఒక గేజు వ్యాగన్లోని బస్తాలను రెండో గేజు వ్యాగన్లోకి మనుషుల వీపుల మీద మార్చక తప్పేది కాదు. పట్టాలను ఒకే గేజుకు మార్చడానికి 1992లో మొదలైన యూనిగేజ్ కార్యక్రమం ఆ శ్రమను చాలావరకు తొలగించింది. రోడ్డు రవాణా విషయంలో మలుపు 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ: అంతకుముందు కేంద్ర అమ్మకపు పన్ను తప్పించుకోవడానికి సంస్థలు రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకునేవి, ఆ అవసరం తీరాక కొద్దిపాటి పెద్ద కేంద్రాలు, వాటి మధ్య రాత్రింబవళ్లు తిరిగే లారీలు అన్న ఏర్పాటు లాభసాటి అయింది.

అనుకరణ శాస్త్రానికి వేళ్లు రెండు. ఒకటి, డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ మీద ప్రచురించిన వ్యాసంతో మొదలైన క్యూల సిద్ధాంతం. రెండోది, 1940ల్లో లాస్ అలమోస్‌లో ఉలామ్, వాన్ నాయ్‌మన్ రూపొందించిన మాంటీకార్లో పద్ధతి, అంటే యాదృచ్ఛిక సంఖ్యలతో ప్రయోగాలు చేసి జవాబు రాబట్టడం. ఈ రెంటినీ కలిపి, ఒక కర్మాగారాన్నో గోదామునో కంప్యూటర్‌లో నడిపే ప్రత్యేక భాషలు 1960ల్లో వచ్చాయి: ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ 1961లో తెచ్చిన జీపీఎస్ఎస్, నార్వేలో డాల్, నైగార్డ్ నిర్మించిన సిమ్యులా. ఇవన్నీ చేరే కార్యపరిశోధన, అంటే ఆపరేషన్స్ రీసెర్చ్ అనే విద్యకు భారతదేశంలో తొలి విభాగం 1949లో హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాలలో ఏర్పడింది. మన దేశంలో తెలుగు నేల మీదే మొదలైన ఈ విద్య తెలుగు నేల మార్కెట్ యార్డుల గేటు దాకా రావడానికి ఇంకా ఎంతో దూరం మిగిలి ఉంది.

సగటు దాచిపెట్టేది

అనుకరణ ఎందుకు కావాలో తెలుసుకోవడానికి కాగితం మీద చేయదగిన చిన్న లెక్క చాలు. ఒకే కాంటా ఉన్న చోటికి 20 నిమిషాలకొక బండి వస్తుందనీ, ఒక్కో బండికి 18 నిమిషాల పని పడుతుందనీ అనుకుంటే, ఉన్న వేళలో 90 శాతమే ఖర్చవుతున్నట్టు. బండ్లు గడియారం కొట్టినట్టు వస్తే ఒక్కటీ ఆగనక్కర లేదు. ఇప్పుడు అయిదు బండ్లు ఉదయం 5.00, 5.05, 5.40, 5.45, 6.20 గంటలకు వచ్చాయనుకుందాం. రాకల మధ్య సగటు ఎడం ఇప్పుడూ 20 నిమిషాలే గాని, రెండో బండి 13 నిమిషాలు, నాలుగోది 13 నిమిషాలు ఆగవలసి వచ్చి మొత్తం నిరీక్షణ 26 నిమిషాలవుతుంది. పనివేళ కూడా ఒక్కో బండికి ఒక్కో తీరుగా, వరుసగా 26, 10, 30, 10, 14 నిమిషాలు పట్టిందనుకుంటే, వాటి సగటు 18 నిమిషాలే అయినా రెండో బండి 21 నిమిషాలు, నాలుగోది 25 నిమిషాలు ఆగుతాయి, మొత్తం 46. బండ్లు పెరగలేదు, పని పెరగలేదు, సగటులు అంగుళం కదలలేదు. పెరిగింది ఎగుడుదిగుడు ఒక్కటే.

రాకలూ పనివేళలూ పూర్తిగా యాదృచ్ఛికమైనప్పుడు, అంటే ఘాతాంక విభాజనం అనే పద్ధతిలో మారుతున్నప్పుడు, క్యూల సిద్ధాంతం ఈ కాంటా దగ్గర దీర్ఘకాలంలో ఒక బండి సగటున 162 నిమిషాలు ఆగుతుందని లెక్క చెబుతుంది. పని ఒత్తిడిని 90 నుంచి 80 శాతానికి తగ్గిస్తే అది 72 నిమిషాలకు పడిపోతుంది. 95 శాతానికి పెంచితే 342 నిమిషాలకు ఎగబాకుతుంది. కాంటా ఖాళీగా ఉన్న ప్రతి నిమిషాన్నీ వృథాగా లెక్కగట్టే యాజమాన్యానికి ఈ మూడు అంకెలు గోడ మీద రాసి చూపించదగినవి, ఎందుకంటే ఆ ఖాళీ నిమిషాలే బయట ఆగిన బండ్ల నిరీక్షణను అదుపులో పెడుతున్నాయి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇదే సంగతిని స్థలంలోకి మార్చి చెబుతుంది: ఆవరణలో ఉన్న బండ్ల సగటు సంఖ్య, గంటకు వచ్చే బండ్లను ఒక్కో బండి గడిపే గంటలతో గుణిస్తే వస్తుంది. గంటకు 15 బండ్లు వచ్చి ఒక్కోటీ 4 గంటలుంటే 60 బండ్లకు చోటు కావాలి. ఉండే కాలం సగం చేయగలిగితే 30 బండ్ల చోటు చాలు. యార్డు ఇరుకన్న ఫిర్యాదుకు భూసేకరణే జవాబు కానక్కర లేదని ఈ సూత్రం సూచిస్తుంది.

ఇంత సులువుగా సూత్రం ఉన్నప్పుడు అనుకరణ దేనికన్న ప్రశ్నకు జవాబు, సూత్రాలు ఒకే కాంటాకు, మారని రద్దీకి మాత్రమే సూటిగా వర్తించడం. సోమవారం రద్దీ శుక్రవారం ఉండదు. శని, ఆదివారాల సెలవు తరువాత, పండగ సెలవుల తరువాత యార్డు ఎర్రటి గుట్టలతో నిండిపోతుంది. దించేవారు, తూచేవారు, కుట్టేవారు, లోడు చేసేవారు ఒకరి మీద ఒకరు ఆధారపడతారు. సగం నిండిన లారీ మిగతా సగం కోసం ద్వారం ఆక్రమించి నిలబడుతుంది. అకాల వర్షం పడితే అందరూ పని ఆపి పరదాలు కప్పడానికి పరుగెత్తుతారు. ఇవన్నీ కలిసినప్పుడు చేతి లెక్క ఆగిపోతుంది.

నమూనా నిర్మాణం

గోదాముల విషయంలో ఎక్కువగా వాడేది వివిక్త ఘటనా అనుకరణ. ఇందులో కంప్యూటర్ గడియారం క్షణక్షణం నడవకుండా ఒక ఘటన నుంచి మరో ఘటనకు గెంతుతుంది: బండి వచ్చింది, కాంటా ఖాళీ అయింది, లారీ నిండింది. జరగబోయే ఘటనల జాబితాను వేళల క్రమంలో ఉంచుకుని, అన్నిటికన్నా ముందున్నదాన్ని తీసి, దాని ఫలితంగా యార్డు స్థితిని మార్చి, కొత్త ఘటనలను జాబితాలో చేర్చడమే ప్రోగ్రాం చేసే పని. కదిలేవాటిని, అంటే బండ్లను, లాట్లను, బస్తాలను అంశాలనీ, వాటికి పని చేసిపెట్టే కాంటాలు, హమాలీ గుంపులు, ద్వారాలను వనరులనీ పిలుస్తారు. ఎరీనా, ఎనీలాజిక్, ఫ్లెక్స్‌సిమ్ వంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఇందుకున్నాయి. పైథాన్ భాషలోని సింపై గ్రంథాలయం ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఇంజనీరింగ్ విద్యార్థి మామూలు ల్యాప్‌టాప్ మీదనే యార్డును నడిపి చూడవచ్చు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2002లో నిట్‌గా మారిన విద్యాసంస్థ ఉన్న వరంగల్ నగరంలో, మిర్చి యార్డు కన్నా మంచి ప్రయోగశాల దగ్గరలో దొరకదు.

కష్టమంతా లెక్కలు సేకరించడంలో ఉంది. గేటు పుస్తకంలో రాసిన వేళ బండి గేటు దాటిన వేళ గాని రోడ్డు మీద బారులో నిలబడ్డ వేళ కాదు. రాత్రి రెండింటికి వచ్చి గేటు తెరిచేదాకా ఆగిన బండి కూడా పుస్తకంలో తెల్లవారుజామున వచ్చినట్టే నమోదవుతుంది. ఆ పుస్తకాన్ని నమ్మి కట్టిన నమూనా రైతు ట్రాక్టర్ కింద పడుకుని గడిపిన రాత్రిని సున్నాగా లెక్కిస్తుంది. అందువల్ల పరిశీలకులు కొన్ని రాత్రులైనా రోడ్డు మీద నిలబడి వచ్చిన వేళలు రాసుకోవడం తప్పనిసరి. పనివేళల సేకరణలోనూ ఇలాంటి చిక్కే ఉంది: ఎవరో గడియారం పట్టుకుని చూస్తున్నారని తెలిసిన గుంపు ఆ పూట తన మామూలు ఒడుపుతో పని చేయదు. కాంటా చిట్టీల మీద వరుసగా పడిన వేళల నుంచి పరోక్షంగా రాబట్టడం దీనికొక ఉపాయం.

నమూనా తయారయ్యాక రెండు పరీక్షలుంటాయి. ప్రోగ్రాం రాయదలచినట్టే రాశామా అన్నది మొదటిది. యాదృచ్ఛికతను ఆపేసి, పైన చూపిన అయిదు బండ్ల లెక్కలాంటిది నడిపి, చేతి లెక్కతో సరిపోల్చితే ఇది తేలుతుంది. నమూనా నిజమైన యార్డును పోలి ఉందా అన్నది రెండోది, కఠినమైనది. ఇందులో వాడే ఒక చక్కని పద్ధతి ఏమిటంటే, కొన్ని నిజమైన రోజుల లెక్కల కాగితాలను, కంప్యూటర్ పుట్టించిన రోజుల కాగితాలతో కలిపి, ఏళ్లుగా అక్కడ పని చేస్తున్న సూపర్‌వైజరుకో దడువాయికో ఇచ్చి, అసలువేవో నకిలీవేవో ఏరమనడం. ఆయన నకిలీని పట్టేస్తే, ఎలా పట్టారో అడిగి తెలుసుకున్న కారణం నమూనాలో చేర్చవలసిన తదుపరి విషయమవుతుంది.

ప్రయోగాలు, వాటి ఫలితాలు

క్రాస్‌డాక్ రూపకల్పన మీద ప్రసిద్ధమైన పరిశోధన బార్తోల్డి, గ్యూ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులది. 2000లో ప్రచురించిన వ్యాసంలో వారు ఏ గమ్యానికి ఏ ద్వారం కేటాయించాలన్న ప్రశ్న తీసుకుని, ఎక్కువ సరుకు పోయే ద్వారాలన్నిటినీ భవనం నడిమధ్యలో పెడితే నడక తగ్గినా బండ్లు ఒకదానికొకటి అడ్డుపడి ఆ లాభం కరిగిపోతుందని చూపి, నడకకూ రద్దీకీ మధ్య సమతూకం కుదిర్చే కేటాయింపుతో కాలిఫోర్నియాలోని స్టాక్టన్ కేంద్రంలో ఉత్పాదకతను 11 శాతానికి పైగా పెంచారు. 2004లో భవనం ఆకారం మీద రాస్తూ, సుమారు 150 ద్వారాల దాకా పొడవాటి ఒంటి షెడ్డు, 150 నుంచి 200 దాకా ఆంగ్ల టీ అక్షరం ఆకారం, అంతకుమించితే ఎక్స్ ఆకారం మేలని తేల్చారు. మూలలు పెరిగేకొద్దీ ద్వారాలకు పనికొచ్చే గోడ తగ్గుతుంది గాని, భవనం పెద్దదైనప్పుడు నడిబొడ్డుకు దగ్గరగా ఉండే ద్వారాలు పెరగడం ఆ నష్టాన్ని పూడుస్తుంది.

ఏనుమాముల వంటి చోట మొదట పరీక్షించదగినది వనరుల ఉమ్మడి వినియోగం. ప్రతి అడ్తి దగ్గరా దాని హమాలీలు, దాని కాంటా విడిగా ఉంటే, ఒకచోట బండ్లు బారులు తీరి ఉండగా పక్క షెడ్డులో గుంపు ఖాళీగా కూర్చునే సందర్భాలు తప్పవు. పైన చెప్పిన 90 శాతం ఒత్తిడి మీదే రెండు కాంటాలు విడివిడి బారులతో పని చేస్తే సగటు నిరీక్షణ 162 నిమిషాలు. అవే రెండు కాంటాలకు ఒకే బారు పెడితే సుమారు 77 నిమిషాలు. కొత్తగా రూపాయి ఖర్చు లేదు. కానీ హమాలీ గుంపు తన సంపాదనను తనలో పంచుకుంటుంది. ఎవరి అడ్తి బస్తాను ఎవరు మోస్తే కూలి ఎవరికి చెందాలన్నది ఒప్పందాల విషయం. తెర మీద ఉమ్మడిగా మారిన గుంపులు నేల మీద ఉమ్మడి కావాలంటే హమాలీ సంఘాలతో కూర్చుని మాట్లాడాలి, ఆ మాటలకు అనుకరణ ఒక ఆధారం కాగలదంతే. నిరీక్షణతో పాటు ఒక్కో హమాలీ రోజుకు మోసే బస్తాల సంఖ్యనూ, విశ్రాంతి వేళనూ నమూనా ఫలితాల్లో చేర్చడం ఇక్కడ అవసరం. ఏ అంకెను కొలవలేదో దాన్ని యంత్రం నిర్దాక్షిణ్యంగా పణం పెడుతుంది.

రైతులకు ముందుగా ఫోనులో వేళ కేటాయించే పద్ధతి రెండో ప్రయోగం. రాకల ఎగుడుదిగుడును తగ్గిస్తుంది కాబట్టి సిద్ధాంతపరంగా ఇది బలమైన మందు. అయితే సొంత ట్రాక్టర్ ఉన్న రైతు వేళ పాటించగలడు గాని, వ్యాన్‌లో నలుగురితో కలిసి వచ్చే చిన్న రైతు పాటించలేడు. వేళ తప్పినవారిని వెనక్కి నెట్టే నియమం సగటు నిరీక్షణను తగ్గిస్తూనే భారాన్ని చిన్న రైతుల మీదికి మార్చవచ్చు కాబట్టి, ఫలితాలను సగటుగా కాక రైతుల తరగతుల వారీగా విడదీసి ముద్రించడమే న్యాయం.

ఇలాంటి రెండు పథకాలను పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే యాదృచ్ఛిక సంఖ్యల వరుస వాడతారు, అంటే రెండు పథకాలూ ఒకే రోజు, ఒకే బండ్లను ఎదుర్కొంటాయి. లేకపోతే తేడా పథకానిదో అదృష్టానిదో తెలియదు. ఒక్క రోజు నడిపి తీర్పు చెప్పకూడదు. పదేపదే నడిపినకొద్దీ ఫలితంలోని అనిశ్చితి తగ్గుతుంది గాని, దాన్ని సగం చేయాలంటే నాలుగింతల సార్లు నడపాలి. ఈ భారాన్ని తెలివిగా తగ్గించే ఉపాయాల్లో ఒకటి రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం మీద నిలిచింది: లెక్కతో కచ్చితంగా తెలుసుకోగల భాగాన్ని యాదృచ్ఛికంగా పుట్టించకుండా దాని సగటు విలువనే వాడితే అనిశ్చితి ఎన్నడూ పెరగదు, సాధారణంగా తగ్గుతుంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన తెలుగువాడు సి.ఆర్. రావు 1945లో ప్రచురించిన వ్యాసం ఈ సిద్ధాంతానికి మూలం.

మార్కెట్ యార్డు ఉదయం తెరిచి సాయంత్రం మూసే వ్యవస్థ కాబట్టి దాన్ని రోజును ఒక యూనిట్‌గా తీసుకుని నడిపితే సరిపోతుంది. రాత్రింబవళ్లు నడిచే పార్సిల్ కేంద్రాన్ని మాత్రం ఖాళీ స్థితి నుంచి మొదలుపెట్టినప్పుడు తొలి గంటల లెక్కలను పారేయాలి, ఆ గంటల్లో రద్దీ కృత్రిమంగా తక్కువగా ఉంటుంది.

నమూనా తాను చూసిన రోజుల గురించే మాట్లాడగలదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర జరిగే రోజుల్లో వరంగల్ నుంచి ములుగు మీదుగా తాడ్వాయి వైపు పోయే దారి మొత్తం భక్తుల బస్సులతో, బండ్లతో నిండిపోతుంది. అదే దారి ములుగు మిర్చి ఏనుమాములకు వచ్చే దారి, అవే వారాలు మిర్చి కోతలు ముమ్మరమయ్యే వారాలు. డీసీఎం వ్యాన్లు, ట్రాక్టర్లు జాతర ప్రయాణాలకు మళ్లుతాయి, పంట కల్లాల్లో ఆగుతుంది, జాతర ముగిసిన తరువాతి సోమవారం ఆ సరుకంతా ఒక్కసారిగా గేటు ముందుకు వస్తుంది. జాతర లేని ఏడాది సేకరించిన లెక్కలతో కట్టిన నమూనాకు ఈ సోమవారం తెలియదు; దానికి జాతర ఏడాది రోడ్డు మీద నిలబడి రాసుకున్న వేరే పట్టిక కావాలి.